ఎనిమిదో క్లాసు పాపకి లెక్కలు రావట్లేదు, విడిగా మాస్టార్ని పెట్టించాలా అన్న అమ్మకి నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది కదమ్మా. విశాఖపట్నం గాజువాకలో ఉంటారు, పాప ఎనిమిదో క్లాసు, స్టేట్ సిలబస్, ఇంగ్లీష్ మీడియం, లెక్కల్లో ఎప్పుడూ ముప్పై లోపే వస్తున్నాయి, పాతిక మంది కూర్చునే ట్యూషన్‌కి ఏడాదిగా పంపుతున్నా ఏ మార్పూ లేదు, ఇప్పుడు దానొక్కదానికే చెప్పే మాస్టార్ని పెట్టాలా, పెడితే ఎలాంటి మనిషిని చూసుకోవాలి అని. చివర్లో ఇంకో లైన్ కూడా రాశారు, మీరు పదో క్లాసు మధ్యలో ఆపేశారనీ, ఓపెన్ స్కూల్లో కట్టి పూర్తి చెయ్యాలని ఉందనీ, లెక్కలంటేనే భయం, ఈ వయసులో వస్తాయా అనీ. దాన్ని మీరు మొహమాటపడుతూ ఒక్క లైన్లో వదిలేశారు గానీ నాకు మాత్రం మొదటి దానంత ముఖ్యమైన ప్రశ్నలాగే కనిపించింది, రెండిటికీ చెప్తాను.

ముందు సూటిగా జవాబు. పెట్టించండి. విడిగా కూర్చోబెట్టి చెప్తే లెక్కలు వస్తాయి. కాకపోతే ఎనిమిదో క్లాసు పాఠాన్నే ఇంకోసారి చెప్పే మనిషిని పెడితే డబ్బు దండగ, పాపకి ఇంకో గంట నరకం. పాప ఏ క్లాసులో ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో వెతికి, అది నాలుగో క్లాసు లెక్కైనా సరే అక్కడికి దిగి మొదలుపెట్టే ఓపిక ఉన్న మనిషి కావాలి. ఇక మీ సంగతి, వస్తాయమ్మా, ఖచ్చితంగా వస్తాయి, మీకు ఇప్పటికే చాలా వచ్చు కూడా, కింద చెప్తాను.

నేను చాలా ఏళ్ళుగా ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే లెక్కలు చెప్తున్నాను, ఒకసారికి ఒక్కళ్ళు, మహా అయితే ఇద్దరు. మూడో క్లాసు పిల్లల నుంచి బ్యాంక్ పరీక్షలు రాసే కుర్రాళ్ళ దాకా వస్తారు, ఓపెన్ టెన్త్ కట్టిన ఆడవాళ్ళు వస్తారు, పోర్టులో రిటైరైన ఒకాయన మనవడికి చెప్పుకోవడం కోసం బీజగణితం మళ్ళీ మొదలుపెట్టారు. కాబట్టి ఇది నేను రోజూ చూసే విషయం మీద చెప్తున్న మాట.

బ్యాచ్ ట్యూషన్‌లో ఎందుకు రాలేదంటే, అక్కడ మాస్టారిది తప్పని కాదు. పాతిక మంది ఉన్నప్పుడు ఆయన స్కూల్లో ఏ చాప్టర్ జరుగుతోందో అదే చెప్పాలి, వేరే దారి లేదు. పాప అది రాసుకుంటుంది, ఇంటికొచ్చి అలాంటి లెక్కే అంకెలు మార్చి ఇస్తే చెయ్యలేదు. ఎనిమిదో క్లాసులో మొదట్లోనే అకరణీయ సంఖ్యలు, అంటే భిన్నంగా రాయగలిగే సంఖ్యలు వస్తాయి, తర్వాత సమీకరణాలు వస్తాయి, రెండిటి నిండా భిన్నాలూ మైనస్ గుర్తులే. ఆ రెండూ రాని పిల్లకి సమీకరణం ఎంత బాగా చెప్పినా ఆ లెక్క చివరి దాకా చేరదు, మధ్యలో ఎక్కడో 3/4 కి 2/5 కలపాల్సి వస్తుంది, అక్కడ ఆగిపోతుంది, పైకి మాత్రం "సమీకరణాలు రావు" అని కనిపిస్తుంది. అసలు రానిది అయిదో క్లాసు భిన్నం.

అందుకని నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి రోజు పాఠం చెప్పను. ఒక తెల్ల కాగితం మీద కొన్ని చిన్న లెక్కలు రాసి ఇస్తాను. టైం పెట్టను, మార్కులు వెయ్యను, ఆ మాట ముందే చెప్తాను. మీరు ఇంట్లో ఈ ఆదివారం చెయ్యొచ్చు, ఇవి రాసివ్వండి:

52 - 27
7 × 8, తర్వాత 306 ÷ 6
8 + 4 = □ + 5, ఆ డబ్బాలో ఏముండాలి
0.45, 0.6 ఏది పెద్దది
3/4 + 2/5
-5 - 3
ఒక సంఖ్యకి రెండింతలు చేసి మూడు తీసేస్తే 11, ఆ సంఖ్య ఎంత

జవాబు తప్పా ఒప్పా అన్నది నాకు సగమే ముఖ్యం. తప్పు ఎలా వచ్చిందో చూడాలి. 52 లోంచి 27 తీస్తే 35 అని రాసిందనుకోండి, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది, అంటే అప్పు తెచ్చుకోవడం అనేది ఎప్పుడూ అర్థం కాలేదు, పదులు ఒకట్లు అన్న సంగతే పట్టుబడలేదు. 306 ని 6 తో భాగిస్తే 51 రావాలి, కొందరికి 501 వస్తుంది, అదీ అక్కడి గొడవే. డబ్బాలో 12 రాస్తే, ఈక్వల్ గుర్తుని "ఇక జవాబు రాయి" అనే ఆర్డర్‌లాగా చదువుతోంది, రెండు పక్కలా సమానం అని చదవట్లేదు, అలాంటి పిల్లకి సమీకరణాలు ఎలా వస్తాయి చెప్పండి. అక్కడ 7 రావాలి. 0.45 పెద్దది అంటే నలభై అయిదు ఆరు కంటే పెద్దది కాబట్టి అని దాని లెక్క. 3/4 + 2/5 ని 5/9 అని రాసే పిల్లలు ఎంతమందో, హైస్కూల్ దాకా వచ్చినవాళ్ళు కూడా, పైవి పైవి కలిపేసి కిందవి కిందవి కలిపేస్తారు.

ఈ 5/9 దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఓపిక అంటే ఏంటో ఇక్కడే తెలుస్తుంది. మామూలుగా ఏం చేస్తాం, "అలా కాదు, క.సా.గు. తియ్యాలి, ఇరవై వస్తుంది, పదిహేను బై ఇరవై, ఎనిమిది బై ఇరవై, ఇరవై మూడు బై ఇరవై" అని గడగడా చేసి చూపించేస్తాం. పిల్ల తలూపుతుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ 5/9 రాస్తుంది. నేను తప్పు అనే మాట కూడా అనను. ఒక కాగితం పట్టీ ఇచ్చి నాలుగు మడతలు పెట్టమంటాను, మూడు మడతలకి రంగు వెయ్యమంటాను, ముప్పావు వచ్చింది. ఇంకో అంతే పొడుగు పట్టీ తొమ్మిది భాగాలు గీసి అందులో అయిదింటికి రంగు వెయ్యమంటాను. రెండూ పక్కపక్కన పెట్టి ఏది పొడుగ్గా ఉందో చూడు అంటాను. అంతే, ఇక నేను మాట్లాడను. కాసేపు చూస్తుంది, ఒకసారి నా మొహం చూస్తుంది, మళ్ళీ పట్టీలు చూస్తుంది, తర్వాత అంటుంది, "ముప్పావుకి ఇంకా కలిపాను కదా సార్, తగ్గిపోయిందేంటి?" అని. ఈ మాట దాని నోట్లోంచి రావడానికి అయిదు నిమిషాలు పట్టొచ్చు, ఒక్కోసారి రెండో రోజుకి గానీ రాదు. వచ్చాక మాత్రం క.సా.గు. ఎందుకు కావాలో దానికే కావాలనిపిస్తుంది, ముక్కలు ఒకే సైజులో లేకపోతే కలపలేమని దానికే తెలిసిపోతుంది. 23/20 వచ్చాక ఒకటి కంటే ఎక్కువ ఉంది కదా, సరిపోయిందా అని కూడా చూసుకుంటుంది. ముప్పావు కేజీ టమాటాలు అంటే రైతు బజార్లో దానికి బాగా తెలుసు, కాగితం మీద 3/4 అంటే తెలీదు, ఆ రెండూ ఒకటేనని ఎవరూ కూర్చుని కలిపి చూపించలేదు.

-5 - 3 కూడా అంతే. మర్రిపాలెం నుంచి ఒక తొమ్మిదో క్లాసు కుర్రాడు వచ్చేవాడు, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉన్నాడు, పెద్ద పెద్ద ఫార్ములాలన్నీ నోటికొచ్చు. దీనికి ప్లస్ ఎనిమిది అని రాశాడు. ఎలా వచ్చిందిరా అంటే "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్" అన్నాడు. గుణకారానికి చెప్పిన సూత్రం కూడికలో వాడేస్తున్నాడు, రెండేళ్ళుగా వాడుతున్నాడు, ప్రతి లెక్కలోనూ గుర్తు తప్పుతోంది, ఇంట్లో "కేర్‌లెస్ మిస్టేక్స్ చేస్తాడండీ" అని చెప్పుకుంటున్నారు. అది కేర్‌లెస్ కాదమ్మా, వాడు చాలా జాగ్రత్తగా తప్పు సూత్రం వాడుతున్నాడు. అయిదు రూపాయలు అప్పున్నావు, ఇంకో మూడు అప్పు తెచ్చావు, ఇప్పుడెంత అన్నాను. "ఎనిమిది అప్పు" అని వెంటనే అన్నాడు. ఆ మాటే రాయి అంటే -8 రాసి, పైన తను రాసినదాన్ని చూసుకుని తనే కొట్టేశాడు. తర్వాత అలాంటివే కూడికలూ గుణకారాలూ కలిపి రోజుకి కొన్ని, నెల పైగా చేయించాల్సి వచ్చింది, పాత అలవాటు ఒక్క రోజులో పోదు కదా.

"కేర్‌లెస్" అనే మాట పిల్లల మీద వాడేముందు తప్పులన్నీ ఒకచోట రాసి చూడండి. ఒకే రకం తప్పు మూడుసార్లు వస్తే అది నిర్లక్ష్యం కాదు. అందుకే నా దగ్గర రబ్బర్ వాడనివ్వను. తప్పు చెరిపేస్తే అది ఎక్కడ పుట్టిందో నాకూ తెలీదు, పిల్లకీ తెలీదు. అడ్డంగా ఒక గీత కొట్టి కింద మళ్ళీ చెయ్యమంటాను, మొదట్లో సిగ్గుపడతారు, పుస్తకం అసహ్యంగా ఉంటుందని బాధపడతారు, తర్వాత అలవాటైపోతుంది.

విడిగా చెప్పడం ఎంత పనిచేస్తుందన్న దాని మీద 1984లో షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసం ఒకటి బాగా పేరు పడింది. ఒక్కరికే ట్యూటర్ని పెట్టి చెప్తే, సగటు విద్యార్థి మామూలు క్లాసులో ఉన్న 98 శాతం మంది కంటే పైకి వెళ్ళాడని అందులో ఉంది. తర్వాత చేసినవాళ్ళకి అంత తేడా కనిపించలేదు, తక్కువే వచ్చింది, అయినా లాభం మాత్రం ఉంది. కానీ ఆ 98 అనే అంకె చూపించి ప్రచారం చేసుకునేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. బ్లూమ్ చెప్పిన ట్యూటరింగ్‌లో ఒక పాఠం పూర్తిగా వచ్చేదాకా రెండో దానికి వెళ్ళరు, పరీక్షించి, రాని చోట సరిదిద్ది, మళ్ళీ పరీక్షిస్తారు. ఒక్కరినే కూర్చోబెట్టుకుని బోర్డు మీద చెప్పినట్టే చెప్పుకుంటూ పోతే అది బ్యాచ్ ట్యూషనే, ఫీజు ఎక్కువ అంతే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎలాంటి మనిషిని చూసుకోవాలి. అందరూ ఎమ్మెస్సీ చేశారా, ఎన్నేళ్ళ అనుభవం, ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడుగుతారు. ఎనిమిదో క్లాసుకి అవేం అక్కర్లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటూ ట్యూషన్లు చెప్పే పిల్లల్లో కూడా చక్కగా చెప్పేవాళ్ళున్నారు. మీరు ఒకటే పని చెయ్యండి, డెమో క్లాసు అడిగి, పక్క గదిలో తలుపు తీసి కూర్చోండి, అప్పుడప్పుడూ తొంగి చూడండి. పెన్ను ఎవరి చేతిలో ఉంది? గంటలో ముప్పావు గంట పెన్ను మాస్టారి చేతిలోనే ఉంటే ఆయన లెక్కలు ఆయన చేసుకుని వెళ్తున్నారన్నమాట. పాప చేతిలో ఉండాలి. పాప తప్పు రాసినప్పుడు ఆయన నోట్లోంచి మొదట ఏ మాట వచ్చిందో వినండి, "కాదు కాదు ఇలా" అని వచ్చిందా, "ఇది ఎలా వచ్చిందో చెప్పు" అని వచ్చిందా. రెండో రకం మనిషి దొరికితే వదలకండి.

ఇంకోటి, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారు. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికాలో క్లాసు గదుల టేపులు విని చూస్తే టీచర్లు ప్రశ్న వేసి దాదాపు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారట, ఆ తర్వాత వాళ్ళే చెప్పేస్తున్నారు లేదా ఇంకో పిల్లాడిని అడుగుతున్నారు. మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు అంటే ఎంతో కాదనిపిస్తుంది గానీ ఎదురుగా పిల్ల బిక్కమొహం వేసుకుని ఉంటే పెద్దవాళ్ళకి ఆ మౌనం భరించడం చాలా కష్టం. లెక్క పెద్దదైతే నిమిషం కూడా ఆగాలి. నాకు తెలిసినంతలో ఓపిక అంటే మెత్తగా మాట్లాడటం ఒక్కటే కాదు, జవాబు తెలిసి కూడా చెప్పకుండా కూర్చోగలగడం.

టైం గురించి. ఆదివారం రెండున్నర గంటలు ఏకధాటిగా వద్దు. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట నుంచి గంట. మధ్యలో మర్చిపోవడానికి కొంచెం టైం ఉండాలి, మర్చిపోయినదాన్ని గుర్తు చేసుకున్నప్పుడే అది నిలబడుతుంది. నేను మొదటి పది నిమిషాలు పాత లెక్కలే ఇస్తాను, పోయిన క్లాసువి రెండు, పోయిన నెలవి ఒకటి, చాప్టర్ పేరు చెప్పకుండా. తర్వాత కింది క్లాసు పని. చివరి పావుగంట స్కూల్లో ఏం జరుగుతోందో అది, ఎందుకంటే రేపు క్లాసులో పాప పూర్తిగా చేతులెత్తేస్తే ఇక్కడ వచ్చిన ధైర్యం అక్కడ పోతుంది. ఈ పావుగంట వదిలెయ్యొద్దని మాస్టారికి చెప్పండి.

దూరం కూడా చూసుకోండి. మంచి మాస్టారని చెప్పి గాజువాక నుంచి సాయంత్రం ఎన్ఏడీ దాటించి మద్దిలపాలెం దాకా తిప్పకండి, ఆ ట్రాఫిక్‌లో వచ్చేసరికి పిల్ల సగం నిద్రలో ఉంటుంది. కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు, లేదా మీ వీధిలోనే వెతకండి. ఎవరూ దొరక్కపోతే ఆన్‌లైన్ కూడా ఫరవాలేదు, ఒకే ఒక్క షరతు, ఫోన్ కెమెరా పాప మొహం మీద కాదు పాప నోట్‌బుక్ మీద ఉండాలి. రెండు డబ్బాల మీద స్కేలు పెట్టి దాని మీద ఫోన్ బోర్లించినా చాలు, పెన్ను కదలడం అవతలివాళ్ళకి కనపడాలి. పెన్ను ఎక్కడ ఆగిందో చూడకుండా విడిగా చెప్పడం కుదరదు.

ఇంగ్లీష్ సంగతి ఒకటుంది. పాప ఇంగ్లీష్ మీడియం అన్నారు. చాలామంది పిల్లలకి లెక్క రాక కాదు, ప్రశ్న అర్థం కాక ఆగిపోతారు. "త్రీ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్" అని ఉంటే వరసలో ఎలా కనిపిస్తే అలా మూడు మైనస్ రెండు ఎక్స్ అని రాస్తారు. అదే "ఒక సంఖ్యకి రెండింతలు చేసి మూడు తీసెయ్" అని తెలుగులో అంటే రెండు ఎక్స్ మైనస్ మూడు అని టక్కున రాస్తారు. పైన నేనిచ్చిన చివరి లెక్క అందుకే తెలుగులో ఇచ్చాను, జవాబు 7. అది చేసి, అలాంటిదే ఇంగ్లీష్‌లో ఇస్తే చెయ్యలేదనుకోండి, రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. మన స్టేట్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, దాన్ని వాడుకోండి, ముందు తెలుగు పేజీ చదివించి, లెక్క తన మాటల్లో చెప్పించి, అప్పుడు ఇంగ్లీష్ పేజీకి తీసుకెళ్ళండి. పరీక్ష ఇంగ్లీష్‌లోనే కాబట్టి చివరికి అక్కడికి చేరాల్సిందే, కానీ మొదలు అక్కడ పెట్టక్కర్లేదు.

ఎంత కాలం పడుతుంది? ఇది నిజాయితీగా చెప్పాలి. మొదటి రెండు మూడు నెలలు స్కూల్ మార్కుల్లో పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. కింది క్లాసు ఖాళీలు నింపుతున్నాం కాబట్టి. ఆ టైంలో చాలామంది తల్లిదండ్రులు ఓపిక పోయి మాస్టార్ని మార్చేస్తారు, కొత్తాయన మళ్ళీ మొదటి నుంచి. మీరు మార్కుల బదులు వేరేవి చూడండి. లెక్క ఇవ్వగానే పెన్ను పట్టుకుంటోందా లేక ముందు మీ వంక చూస్తోందా, తప్పు తనే పట్టుకుంటోందా, "ఇది నాకు రాదు" అన్నది "ఇక్కడి దాకా వచ్చింది, ఇక్కడ ఆగింది" అని మారిందా. ఇవి మారితే మార్కులు వెనకే వస్తాయి.

పాప పదో క్లాసులో ఉండి పరీక్షలు మూడు నెలల్లో ఉంటే మాత్రం నేను వేరేగా చెప్పేవాణ్ణి. అప్పుడు అన్ని ఖాళీలూ నింపే టైం ఉండదు, వందకి ముప్పై అయిదు దాటించడం ముందు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, గ్రాఫులు లాంటి తొందరగా పట్టుబడేవి ముందు చేయించాలి. మీకు ఆ తొందర లేదు, ఎనిమిదో క్లాసు చాలా మంచి టైం, దాన్ని వాడుకోండి.

అబాకస్, వేదిక్ మ్యాథ్స్ క్లాసులు పెట్టించమంటారా అని ఎవరో కింద కామెంట్లో అడిగారు. లెక్క వేగంగా చెయ్యడానికి సరదాగా ఉంటే పెట్టించుకోండి, కానీ భిన్నం అంటే ఏంటో తెలీని పిల్లకి వేగం దేనికి? ఇప్పుడు వద్దు.

ఒక జాగ్రత్త. నెలల తరబడి ఓపిగ్గా చెప్పినా చిన్న చిన్న సంఖ్యల దగ్గరే తడబడుతుంటే, ఏది ఎక్కువో ఏది తక్కువో తేల్చుకోలేకపోతుంటే, గడియారం చూడటం, చిల్లర లెక్కపెట్టడం కూడా కష్టమవుతుంటే, దాన్ని బద్ధకం అనుకోవద్దు. డిస్‌కాల్క్యులియా అని, అంకెలే పట్టుబడని ఇబ్బంది ఒకటుంటుంది, పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడగొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీ పాపకి అలా అనిపించట్లేదు, అయినా చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. దానికంటే ముందు ఒకసారి కళ్ళ పరీక్ష చేయించండి, బోర్డు సరిగ్గా కనపడక అంకెలు తప్పు ఎక్కించుకునే పిల్లలు ఉంటారు.

ఇక మీ గురించి. పెద జాలరిపేట నుంచి ఒకావిడ నా దగ్గరికి ఓపెన్ టెన్త్ కోసం వచ్చేవారు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కొని, వీధుల్లో అమ్ముకుని, మధ్యాహ్నం వచ్చేవారు. మొదటి రోజు 1800 ÷ 45 ఇస్తే కాగితం ముందు బిగుసుకుపోయారు, "భాగారాలు రావు బాబూ, చిన్నప్పుడే రాలేదు" అన్నారు. సరే వదిలెయ్యండమ్మా, గంప పద్దెనిమిది వందలకి కొన్నారు, అందులో నలభై అయిదు చేపలున్నాయి, ఒక్కోటి మీకెంత పడింది అన్నాను. తల కూడా ఎత్తకుండా "నలభై" అన్నారు. ఎలా అంటే, "పదేసి రూపాయలైతే నాలుగొందల యాభై, ఇరవై అయితే తొమ్మిది వందలు, ఇంకో అంత వేస్తే పద్దెనిమిది వందలు, నలభై కదా" అన్నారు. ఆవిడ చెప్పిన మాటలే ఒకదాని కింద ఒకటి కాగితం మీద రాశాను, 45 × 10 = 450, 45 × 20 = 900, 45 × 40 = 1800. చూడండమ్మా ఇదే భాగారం, మీరు చేసిందే అన్నాను. ఆ రోజు నుంచి భాగారాలు ఆవిడ పద్ధతిలోనే చేయించాను, పుస్తకం పద్ధతి తర్వాత తనే నేర్చుకున్నారు.

బ్రెజిల్‌లో పరిశోధకులు కూడా ఇలాంటిదే చూశారు. రెసిఫే అనే ఊళ్ళో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లల్ని, వాళ్ళు అమ్ముకుంటున్న చోటే బేరం ఆడినట్టుగా లెక్కలడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు, అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే చెయ్యగలిగారు. ఇది 1985లో వచ్చిన పరిశోధన. ఆ పిల్లలకి లెక్కలు రావని ఎవరనగలరు? మీకూ ఇల్లు నడపడం వచ్చు, చీటీ లెక్క వచ్చు, డ్వాక్రా వడ్డీ నూటికి రూపాయి చొప్పున ఎంతవుతుందో వచ్చు. నూటికి రూపాయి అంటే నెలకి ఒక శాతం, ఏడాదికి పన్నెండు శాతం, పదో క్లాసు శాతాల చాప్టర్లో సగం మీ నోట్లోనే ఉంది.

ఓపెన్ స్కూల్లో పదో క్లాసుకి పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు, కాబట్టి ఆ బెంగ వద్దు. పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు నేను చూసేది రెండు. ఒకటి, వాళ్ళు సిగ్గుతో అర్థమైందని తలూపేస్తారు, పిల్లల కంటే ఎక్కువ. అందుకని "అర్థమైందా" అని అడగను, "నాకు చెప్పండి" అంటాను. రెండు, తొందర. ముఖ్యంగా ఉద్యోగ పరీక్షలు రాసే కుర్రాళ్ళు షార్ట్‌కట్ల పుస్తకం పట్టుకుని వస్తారు, వంద మీద 20 శాతం పెంచి మళ్ళీ 20 శాతం తగ్గిస్తే ఎంత అంటే వంద అంటారు, 96 కదా, 120లో 20 శాతం అంటే 24. శాతం దేని మీద అన్న ప్రశ్న వేసుకోవడం రాకుండా షార్ట్‌కట్ నేర్చుకుంటే ప్రశ్న కొంచెం తిప్పి ఇవ్వగానే బోల్తా.

మీ ఇద్దరికీ కలిపి ఒక సలహా. పాప వారానికి మూడు రోజులు ఏం నేర్చుకుందో, ఆ సాయంత్రం మీకు పావుగంట చెప్పనివ్వండి. మీరు నిజంగానే నేర్చుకోవాల్సినవాళ్ళు కాబట్టి అది నాటకం కాదు, మీకు అర్థం కానిది అర్థం కాలేదనే అడగండి, "ఎందుకలా?" అని అడగండి. మీకు చెప్పలేకపోయిన చోట తనకీ సరిగ్గా రాలేదని దానికే తెలుస్తుంది, మర్నాడు వెళ్ళి మాస్టార్ని అడుగుతుంది. ఒక్కటే కోరుకునేది, పాప ముందు "మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు" అనే మాట ఇక అనకండి, ఎవరైనా చుట్టాలు అన్నా ఆపండి. "ఇది కూడా రాదా" అనే మాట కూడా. ఆ మాట ఒక్కసారి పడిందంటే మళ్ళీ పెన్ను పట్టించడానికి నాలాంటివాళ్ళకి వారాలు పడుతుంది.

ముందు ఆ కాగితం పని చెయ్యండి. పాప రాసినది చెరపనివ్వకుండా, కొట్టివేతలతో సహా, పేరూ స్కూలూ కనపడకుండా ఫోటో తీసి కింద పెట్టండి. ఏ జవాబుకి ఏం ఆలోచించిందో పాప చెప్పిన మాటలు కూడా పక్కన రాస్తే ఇంకా మంచిది. చూసి, ఏ క్లాసు ఏ పాఠం దగ్గర మొదలుపెట్టమని మాస్టారికి చెప్పాలో రాస్తాను. మీరూ ఇంకో కాగితం మీద అవే లెక్కలు చేసి పెట్టండమ్మా, మీది కూడా చూస్తాను.